కొబ్బరిచెట్టు, కొండరాయి: ఎక్కేవారి దుస్తుల రూపకల్పన – కోనసీమ దింపు కార్మికుల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

శిలారోహకుల దుస్తుల రూపకల్పన గత వందేళ్ళలో కొన్ని స్పష్టమైన సూత్రాలను ఏర్పరచుకొంది. ఎక్కడమే జీవనోపాధిగా గల కొబ్బరి దింపు కార్మికులకు, కల్లుగీత కార్మికులకు ఆ సూత్రాలు చేరలేదు. ఇటీవల పర్వతారోహణ పరికరాల పద్ధతిలో రక్షణ సామగ్రి వారికి అందుతున్నా, దాని కింద ధరించవలసిన వస్త్రాన్ని గురించిన ఆలోచన వెనుకబడింది. శిలారోహణ వస్త్రాల కత్తిరింపులోని ప్రధానాంశాలను వివరించి, దిండి పరిసరాల దింపు కార్మికుని దేహచలనానికి, వాతావరణానికి అవి ఎంతవరకు సరిపోతాయో, ఎక్కడ తలకిందులవుతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: శిలారోహణ, దింపు కార్మికులు, వస్త్ర రూపకల్పన, గోచి, హార్నెస్, కోనసీమ, దిండి.

1. ప్రవేశిక

డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా మలికిపురం మండలంలోని దిండి గ్రామం వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంది. వంతెన దాటితే ఆవలి ఒడ్డున పశ్చిమ గోదావరి జిల్లా చించినాడ. నదిలోని పడవ ఇళ్ళ వల్ల, విడిది గృహాల వల్ల ఈ ఊరి పేరు బయటివారికి తెలిసింది గాని, స్థానికులకు ఇది ముందుగా కొబ్బరితోటల ఊరు. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టి మీద ఏర్పడిన ఈ లంకల నేలలో కొండ లేదు, గుట్ట లేదు. అటువంటి చోటును ఆధారం చేసుకొని శిలారోహకుల దుస్తులను గురించి మాట్లాడడం మొదట వింతగా తోచవచ్చు. కాని ఎక్కడం అనే క్రియను వినోదంగా గాక వృత్తిగా, ఏడాది పొడవునా చేసేవారు తెలుగునాట అధికంగా కనిపించేది ఇటువంటి చోటనే.

కోనసీమలో కొబ్బరికాయలు కోసేవారిని దింపు కార్మికులు అంటారు. దింపిన కాయ పీచు తీసేవారు ఒలుపు కార్మికులు. ఈ ప్రాంతంలో విస్తారంగా ఉన్నది పొడవు రకం కొబ్బరి. ముదురుతోటలో 50, 60 అడుగుల చెట్టు విశేషమేమీ కాదు. సుమారు నెలన్నర, రెండు నెలలకు ఒకసారి ప్రతి చెట్టుకూ దింపు జరగాలి. దింపు కార్మికుడు ఒకే రోజులో చెట్టు తరువాత చెట్టు ఎక్కి దిగుతాడు. కూలి చెట్ల లెక్కన ముట్టే పని గనుక విరామం తక్కువ. వారాంతంలో రాయి ఎక్కే ఔత్సాహికుడు ఒక నెలలో చేసే ఆరోహణను ఇతడు ఒక పూటలోనే చేస్తాడనడం అతిశయోక్తి కాదు.

ఇతని వేషం సాధారణంగా ఒక నిక్కరు, బనియను లేదా వదులు చొక్కా, తలకు చుట్టిన తువ్వాలు. నేల మీద ఉన్నంతసేపు ఉండే లుంగీ చెట్టు దగ్గరకు రాగానే విప్పి పక్కన పెట్టబడుతుంది, లేదా పైకి మడిచి గోచిగా బిగించబడుతుంది. పాదాలకు తాటి బందం, నడుము వెనుక కత్తి. ఇందులో తువ్వాలు ఒక్కటే అన్ని పనులకూ పనికివచ్చే వస్తువు. అది చెమట తుడుస్తుంది, తలను కాస్తుంది, అవసరమైతే అరికాలి కింద మెత్తగా మారుతుంది. మిగిలినవేవీ ఎక్కడం కోసం తయారైనవి కావు.

2. రక్షణ సామగ్రి వచ్చింది, దాని కింది వస్త్రం రాలేదు

దింపు, గీత వృత్తులలో ప్రమాదం జారిపడడమే. దీనిని తగ్గించే ప్రయత్నాలు రెండు దిశలలో సాగాయి. మొదటిది యంత్రం. కేరళలోని కన్నూరు జిల్లా చెంబేరి గ్రామం పేరుతో ప్రసిద్ధమైన ఎక్కుడు యంత్రం వంటివాటితో కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి ‘కొబ్బరిచెట్టు మిత్రులు’ అనే అర్థం వచ్చే పేరుతో శిక్షణ కార్యక్రమం నిర్వహించింది. రెండవది తాడు, నడుముపట్టీ పద్ధతి. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో గీత కార్మికుల కోసం ‘కాటమయ్య రక్షా కవచం’ పథకాన్ని ప్రారంభించింది. తాడిచెట్టు నుంచి కాలు జారినా మనిషి నేలకు పడకుండా నిలిపే తాళ్ళు, పట్టీలు, క్లిప్పుల సముదాయమది. పర్వతారోహణలో చిరకాలంగా వాడుతున్న సూత్రమే దీనికి మూలం.

తెలుగువారికి ఆ సూత్రం కొత్తది కాదు. భువనగిరి ఏకశిల మీద శిలారోహణ శిక్షణ జరుగుతున్నది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు ఆ రాతి మీదే నేర్చుకొని, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు. రాయి ఎక్కడానికి పుట్టిన పరికరం తాడిచెట్టుకు రావడం ఈ దృష్టితో సహజమైన ప్రయాణమే.

అయితే పరికరం ఒక్కటే ప్రయాణించింది. హార్నెస్ అనబడే నడుముపట్టీ, తొడపట్టీల సముదాయం ఎప్పుడూ వస్త్రం మీదనే ధరించవలసినదన్న భావనతో రూపొందింది. పర్వతారోహణ హార్నెస్‌లకు వర్తించే ఐరోపా ప్రమాణం ఈఎన్ 12277 గాని, పారిశ్రామిక రక్షణ పట్టీలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 3521 గాని ప్రధానంగా పరిశీలించేది పట్టీ తెగుతుందా, బిగింపు జారుతుందా అన్న విషయాలను. పట్టీ కింద ఉన్న చర్మం నాలుగు గంటల తరువాత ఎలా ఉంటుందన్నది వాటి పరిధిలోకి రాదు. అది వస్త్ర రూపకర్త చూసుకోవలసిన సంగతి. నిక్కరు అంచు తొడపట్టీ కిందికి సరిగా రాకపోతే పట్టీ నేరుగా చెమట పట్టిన తొడ మీద రాసుకొంటుంది. లుంగీని గోచిగా కట్టి దాని మీద పట్టీ బిగిస్తే, మడతలు ఒకచోట గుట్టగా చేరి ఒత్తుతాయి. పడినప్పుడు శరీరభారమంతా ఆ మడత మీదనే మోపబడుతుంది. ఒరిపిడి పుట్టించే రక్షణను శ్రామికుడు రెండవ రోజున ఇంటి దగ్గర వదలి వస్తాడు. అతనిది అజ్ఞానమో నిర్లక్ష్యమో అని అనుకోవడం తేలిక. నిజానికి అతడు రోజుకు పదుల సార్లు కలిగే నొప్పికీ, ఏనాడో సంభవించగల ప్రమాదానికీ మధ్య లెక్క వేసుకొంటున్నాడు. ఆ లెక్కను మార్చగలిగేది వస్త్రమే.

3. శిలారోహకుల దుస్తులు నేర్చుకొన్న పాఠాలు

పర్వతారోహణ తొలినాళ్ళలో ప్రత్యేక దుస్తులు లేవు. ఊరిలో వేసుకొనే ఉన్ని కోటుతోనే మనుషులు కొండలెక్కేవారు. స్త్రీల విషయంలో ఇబ్బంది మరింత తీవ్రం. 1895లో అమెరికన్ పర్వతారోహకురాలు ఆనీ స్మిత్ పెక్ మాటర్‌హార్న్ శిఖరాన్ని లంగా లేకుండా మోకాలి కిందివరకు ఉండే నిక్కరుతో ఎక్కినందుకు పెద్ద దుమారం రేగింది. ఆమె శిఖరం చేరిందన్న వార్త కంటె ఆమె ఏమి తొడుక్కొన్నదన్న చర్చే ఎక్కువ సాగింది.

1924లో ఎవరెస్టు మీద మరణించిన జార్జ్ మాలరీ దేహం 1999 మే 1న దొరికినప్పుడు, దానితో పాటు అతని దుస్తుల అవశేషాలు కూడా లభించాయి. ఇంగ్లండు పరిశోధకులు మేరీ రోజ్, మైక్ పార్సన్స్ ఆధ్వర్యంలో వాటి నమూనాలను తిరిగి నేయించి, కుట్టించి, 2006లో ఎవరెస్టు ప్రాంతంలో ధరించి చూశారు. పట్టు, నూలు, ఉన్ని పొరలు, పైన గాలి చొరని గాబర్డీన్ – ఇంతే ఆ వేషం. అందరూ ఊహించినట్లు అది బరువుగా, బిర్రుగా లేదు. పట్టుపొర పక్కపొరల మీద జారుతూ ఉండడం వల్ల చేయి కదిపినప్పుడు వస్త్రం అడ్డుపడలేదు. పొరల మధ్య జారుడు ఉంటే అంతగా సాగని గుడ్డ కూడా మనిషిని ఎక్కనిస్తుందని ఆ ప్రయోగం చూపింది.

రెండవ పాఠం కాలిఫోర్నియా నుంచి వచ్చింది. పర్వతారోహణ ఇనుపసామగ్రి తయారుచేసే ఈవాన్ షుయినార్డ్ 1970 శీతకాలంలో స్కాట్లండు వెళ్ళి, అక్కడ రగ్బీ ఆటగాళ్ళ చొక్కా ఒకటి కొన్నాడు. ఆ చొక్కా దృఢమైన కాలరు, మెడకు వేలాడే పరికరాల పట్టీ చర్మాన్ని కోయకుండా అడ్డుకొన్నది. ఆ చొక్కాల అమ్మకమే తరువాత 1973లో పటగోనియా సంస్థ స్థాపనకు దారితీసింది. ఇక్కడ గమనించదగినది చొక్కా సొగసు కాదు. దుస్తులు ఆరోహకునికీ రాతికీ మధ్య ఉండే పొర అనుకొంటాము. నిజానికి అంతకంటె ఎక్కువగా అవి ఆరోహకునికీ అతని పరికరానికీ మధ్య ఉండే పొర. దింపు కార్మికుని హార్నెస్ సమస్యకు సమాధానం ఈ చిన్న వాస్తవంలోనే ఉంది.

మూడవది కత్తిరింపుకు సంబంధించినది. 1982లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ ఆరోహకుడు మైక్ గ్రాహం గ్రామిచి అనే పేరుతో ప్యాంట్లు కుట్టడం ప్రారంభించాడు. రెండు కాళ్ళు కలిసేచోట వజ్రాకారపు అదనపు ముక్క, నడుముకు కుట్టిన అల్లికపట్టీ – ఆ ప్యాంటులో కొత్తదనమంతా ఈ రెండే. గుడ్డ మామూలు నూలు. అయినా కాలును ఎంత పక్కకు చాపినా కుట్టు తెగేది కాదు. ఈనాటికీ శిలారోహణ ప్యాంటుకు గుర్తు ఆ ముక్కే. దీనిని గస్సెట్ అంటారు.

4. గోచి, మియానీ, గస్సెట్

గస్సెట్ ఎందుకు పనిచేస్తుందో వివరంగా చూడవలసి ఉంది. మామూలు ప్యాంటులో రెండు కాళ్ళ లోపలి కుట్లు, ముందు వెనుక కుట్లు – నాలుగూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. కాలు పైకెత్తినప్పుడు లాగుడంతా ఆ ఒక్క బిందువు మీద పడుతుంది. గుడ్డ అక్కడ సాగలేదు కనుక, ఆ లాగుడు ప్యాంటును మొత్తంగా కిందికి గుంజుతుంది, లేదా కుట్టు విచ్చుతుంది. ఆ బిందువును తీసివేసి అక్కడ చదరపు ముక్కను ఏటవాలుగా కుడితే నాలుగు కుట్లు నాలుగు వేర్వేరు మూలలకు తరలిపోతాయి. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నేసిన గుడ్డ పడుగు దిశలోను, పేక దిశలోను దాదాపు సాగదు, మూలగా లాగితే బాగా సాగుతుంది. చదరపు ముక్క ఏటవాలుగా కూర్చొన్నప్పుడు కాలి నుంచి కాలికి వచ్చే లాగుడు సరిగ్గా ఆ మూల దిశలో పడుతుంది. లైక్రా నూలు లేకుండానే సాగే గుణం వస్తుంది.

ఇందులో భారతీయులకు తెలియనిదేమీ లేదు. ఉత్తరాది పైజామాలలో కాళ్ళ నడుమ మియానీ అనే ముక్కను, కుర్తాల చంకలో చౌబగలా అనే ముక్కను కుట్టే పద్ధతి యోసెమిటీ ప్యాంటుకు ఎంతో ముందునుంచి ఉంది. దక్షిణాదిలో కుట్టని పంచె, గోచి ఇదే పనిని మరో తీరున చేశాయి. గోచిలో రెండు కాళ్ళ మధ్యనుంచి గుడ్డ ఒకే పట్టీగా వెనుకకు పోతుంది. అక్కడ కుట్టే లేదు కనుక తెగే బిందువూ లేదు. పొలంలోను, పడవ మీద, తాడిచెట్టు మీద తరతరాలుగా గోచి నిలవడానికి కారణం పేదరికమని మాత్రమే చెప్పడం అసంపూర్ణమైన వివరణ. అది పూర్తి చలనాన్ని ఇచ్చే వస్త్రం. కుట్టిన నిక్కరు వచ్చి ఒళ్ళు కప్పింది గాని, గోచి ఇచ్చిన చలనాన్ని తగ్గించింది. శిలారోహణ ప్యాంటులోని గస్సెట్ ఆ పోయిన చలనాన్ని కుట్టిన దుస్తులలోకి తిరిగి తెచ్చింది. దింపు కార్మికునికి గస్సెట్ ఉన్న ప్యాంటు ఇవ్వడమంటే విదేశీ ఫ్యాషన్‌ను అంటగట్టడం కాదని ఈ వరుసను చూసినవారికి స్పష్టమవుతుంది.

5. అమరిక, జారుడు, సాగుడు

శరీరం వంగినప్పుడు చర్మం సాగుతుంది. వస్త్రం ఆ సాగుదలను ఎలా తట్టుకొంటుందన్నదానికి 1966లో కిర్క్, ఇబ్రహీం అనే పరిశోధకులు ప్రతిపాదించిన విభజన నేటికీ ఉపయోగపడుతున్నది. వస్త్రం వదులుగా అమరడం, చర్మం మీద జారడం, గుడ్డ స్వయంగా సాగడం – ఈ మూడింటిలో ఏదో ఒకటి గాని, మూడూ కలిసి గాని చలనాన్ని సమకూర్చాలి. మోకాలు పూర్తిగా ముడిచినప్పుడు దాని మీది చర్మం నిలువుగా మూడోవంతుకు పైగా సాగుతుంది. సాగని గుడ్డతో, జారని బిగువు ప్యాంటుతో ఆ మోకాలు ముడవడం కష్టం.

దిండి వాతావరణంలో ఈ మూడింటిలో ముందుగా దెబ్బతినేది జారుడు. వేసవిలో గాలిలోని తేమ వల్ల చెమట ఆరదు. తడిసిన గుడ్డ తొడకు అంటుకొంటుంది. పొడిగా ఉన్నప్పుడు హాయిగా ఉన్న నిక్కరు పదో చెట్టు దగ్గరికి వచ్చేసరికి మోకాలిని పట్టి ఆపుతుంది. అందువల్ల దుకాణంలో తొడిగి చూసిన ప్యాంటు చెట్టు మీద ఎలా ఉంటుందో చెప్పలేము. తడిపి తొడిగి చూడాలి. జారుడు మీద ఆధారపడలేనప్పుడు అమరిక మీద, అంటే కత్తిరింపు మీద ఆధారపడాలి. మోకాలి దగ్గర చిన్న డార్టులు వేసి, నిలుచున్నప్పుడు కూడా కొద్దిగా వంగి ఉన్నట్లు కాలిని కత్తిరించడం శిలారోహణ ప్యాంట్లలో మామూలే. ఇక్కడ అది మరింత అవసరం.

చొక్కా విషయంలో దర్జీలకు సాధారణంగా ఉండే ఒక అభిప్రాయాన్ని సరిచేయవలసి ఉంది. చేయి పైకెత్తడానికి వీలుగా ఉండాలంటే చంక లోతు పెంచాలని చాలామంది అనుకొంటారు. ఫలితం విరుద్ధంగా ఉంటుంది. చంక ఎంత కిందికి దిగితే చేయి ఎత్తినప్పుడు చొక్కా పక్కభాగం అంతగా పైకి లేస్తుంది. నడుము బయటపడుతుంది, హార్నెస్ పట్టీ కిందినుంచి చొక్కా ఊడివస్తుంది. చంకను పైకి, శరీరానికి దగ్గరగా ఉంచి, కింద చౌబగలా వంటి ముక్క వేస్తే చేయి తలపైకి లేచినా చొక్కా అంచు దాదాపు కదలదు. రెండు చేతులూ చెట్టు చుట్టూ వేసి గంటల తరబడి పనిచేసే మనిషికి ఇది చిన్న సౌకర్యం కాదు.

6. రాయి వేరు, చెట్టు వేరు

శిలారోహణ దుస్తులను ఉన్నవి ఉన్నట్లుగా దిండికి తేవడం పొరపాటవుతుంది. రాయి ఎక్కేవాడు వేళ్ళతోను, కాలివేళ్ళ అంచుతోను పట్టు దొరికించుకొంటాడు. అతని మోకాళ్ళు, పిరుదులు, మోచేతులు రాతికి రాసుకొంటాయి. అందుకే ఆ ప్యాంట్లకు మోకాళ్ళ దగ్గర, వెనుక భాగాన గట్టి గుడ్డ వేస్తారు. కొబ్బరిచెట్టు ఎక్కేవాడు చెట్టును కౌగిలించుకొంటాడు. ముంజేతుల లోపలి వైపు, రొమ్ము, మోకాళ్ళ లోపలి వైపు, పిక్కలు, బందం బిగిసే పాదాల పైభాగం – ఒరిపిడి పడేవి ఇవి. కాయలు కాసిన చర్మం ఉన్న చోట్లే రూపకర్తకు పటం. అనుభవజ్ఞుడైన దింపు కార్మికుని దేహాన్ని చూస్తే మాసిక ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

ఆ మాసికకు ఎంచుకొనే గుడ్డ మరో చిక్కు తెస్తుంది. శిలారోహకుని మోకాలి గుడ్డ రాతి మీద జారినా ఫరవాలేదు, ఎందుకంటే అతని పట్టు అక్కడ లేదు. దింపు కార్మికుని పట్టులో కొంత భాగం ఒరిపిడి మీదనే ఆధారపడి ఉంది. నున్నని పాలియెస్టర్ ట్రాక్‌ప్యాంటు బట్టకు తాకితే హాయిగా ఉంటుంది గాని, వానకాలంలో పాచి పట్టిన మాను మీద అది మోకాలిని పట్టనివ్వదు. చర్మాన్ని కాపాడుతూ పట్టును తగ్గించని గుడ్డ కావాలి. దట్టంగా నేసిన నూలు కాన్వాసు, దాని గరుకు ముఖం బయటికి ఉండేలా కుట్టినది, మొదటి పరీక్షకు యోగ్యమైనది. షుయినార్డ్ సంస్థ తొలినాళ్ళ పొట్టి నిక్కర్లు కూడా కాన్వాసువే. ఆ గుడ్డ ఎంత బిరుసుగా ఉండేదంటే నిక్కరు బల్ల మీద తనంత తాను నిలుచొనేది. దానికి ఆ పేరే స్థిరపడింది. దిండికి అంత బిరుసు అవసరం లేదు.

నూలును గురించి పర్వతారోహకులలో ఒక గట్టి వ్యతిరేకత ఉంది. తడిసిన నూలు శరీరంలోని వేడిని లాగివేస్తుంది కనుక చలికొండల మీద అది ప్రాణాంతకమని వారికి మొదటి రోజునే నేర్పుతారు. మే నెలలో కోనసీమ తోటలో అదే గుణం మేలు చేస్తుంది. శరీరం నుంచి వేడి పోవడమే ఇక్కడ కావలసినది. అయితే తడిసిన నూలు తొడల మధ్య, పట్టీ కింద చర్మాన్ని త్వరగా రాపాడుతుంది. అందుచేత పైభాగానికి వదులైన పల్చని నూలు, కింది భాగానికి తేలికగా ఆరే నూలు–పాలియెస్టర్ మిశ్రమం అనే విభజన సమంజసంగా తోస్తుంది. ఒళ్ళంతా కప్పే దుస్తులు మాత్రం ఈ ఉక్కలో నిలవవు. ముంజేతులకు, పిక్కలకు విడిగా తొడుక్కొని విప్పుకోగల తొడుగులు – క్రికెట్ ఆటగాళ్ళు వేసుకొనేవాటి వంటివి, లోపలి వైపు కాన్వాసు మాసికతో – చెట్టు ఎక్కేముందు తొడిగి నేలమీద విప్పుకోవచ్చు.

మట్ట దగ్గరికి చేరాక సమస్య మారుతుంది. గెలల నడుమ గండుచీమలు, తేళ్ళు, కందిరీగలు ఉంటాయి. కొన్నేళ్ళుగా సర్పిలాకార తెల్లదోమ వల్ల ఆకుల మీద తేనెబంక, దాని మీద మసిబూజు పేరుకొంటున్నాయి. చొక్కా నల్లబడడం ఒక ఎత్తు, ఆ బంక చేతులకు, పట్టీలకు అంటుకోవడం మరొక ఎత్తు. మెడ వెనుక గుడ్డ లేని బనియను ఇక్కడ పనికిరాదు. రగ్బీ చొక్కా కాలరు వంటిది ఇక్కడ పరికరాల కోసం గాక పురుగుల కోసం, ఎండుమట్ట పొట్టు కోసం కావాలి.

7. పట్టీ కింద ఏమి ఉండాలి, ఏమి ఉండరాదు

హార్నెస్ కింద ధరించే ప్యాంటుకు కొన్ని నియమాలు శిలారోహకుల అనుభవంలో రూఢమయ్యాయి. నడుము దగ్గర లోహపు బొత్తాం, బెల్టు బకిలు, బెల్టు కోసం కుట్టే దళసరి పట్టీలు ఉండరాదు. బల్లపరుపుగా ఉండే నాడా లేదా వెడల్పైన రబ్బరుపట్టీ చాలు. వెనుక జేబులు తొడపట్టీల కింద పడతాయి కనుక వద్దు. జేబు కావాలంటే తొడ మధ్యభాగంలో, పట్టీ కంటె కింద, మూత ఉన్నదిగా ఉండాలి. కుట్లు బల్లపరుపుగా మడిచి కుట్టినవి కావాలి. కాలి అంచు చీలమండ పైకి ఆగాలి. ఆరోహకుడు తన పాదాన్ని తాను చూడగలగాలి, అంచు బందంలో చిక్కుకోరాదు.

కత్తి సంగతి శిలారోహణ గ్రంథాలలో దొరకదు. దింపు కార్మికుడు నడుము వెనుక కత్తిని దోపుకొంటాడు. హార్నెస్ ధరించినప్పుడు ఆ స్థానం పట్టీకి దక్కుతుంది. కత్తి పట్టీని కోసే అవకాశం ఉన్నచోట ఉంటే రక్షణే ప్రమాదమవుతుంది. కనుక కత్తికి తోలు లేదా మందపాటి ప్లాస్టిక్ ఒర కావాలి. ఆ ఒర తగిలించే చోటు వస్త్రం మీద గాక హార్నెస్ మీదనే, తాడు వెళ్ళే వైపుకు ఎదురుగా నిర్ణయించాలి. ఈ ఒక్క అంశం తేల్చకుండా ఎంత చక్కని ప్యాంటు కుట్టినా అది అసంపూర్ణమే.

కేరళ శిక్షణలలో స్త్రీలు కూడా చెట్లెక్కడం నేర్చుకొన్నారు. తెలుగునాట ఆ మార్పు వస్తే తొడ, నడుము నిష్పత్తులు వేరైన శరీరాలకు వేరే కత్తిరింపు అవసరమవుతుంది. పురుషుల కొలతలను చిన్నవి చేసినంత మాత్రాన అది స్త్రీల దుస్తులు కాదన్న సంగతి పర్వతారోహణ వస్త్ర పరిశ్రమ చాలా ఆలస్యంగా గ్రహించింది.

8. కొలత తీసే భంగిమ

ఇప్పటివరకు చెప్పిన మార్పులలో పెద్ద కర్మాగారం కావలసినది ఏదీ లేదు. రాజోలులోనో మలికిపురంలోనో ఏ దర్జీ అయినా అయిదంగుళాల చదరపు ముక్కను కుట్టగలడు. అడ్డంకి కుట్టులో లేదు, కొలతలో ఉంది. దర్జీ ముందు మనిషి నిటారుగా, చేతులు దించి నిలుచుంటాడు. కాని ఆ మనిషి పని చేసేటప్పుడు ఒక్క క్షణమైనా అలా నిలుచోడు. నేల మీద గొంతుక్కూర్చోవడం అలవాటైన దేశంలో ప్యాంట్లు వెనుక భాగాన తరచుగా విచ్చుకోవడానికి కారణం కూడా ఇదే.

ఎక్కేవాని కొలత రెండుసార్లు తీయాలి. నిలుచొన్నప్పుడు ఒకసారి, ఒక మోకాలిని నడుము ఎత్తుకు లేపి, రెండు చేతులూ తలపైకి ఎత్తి మరొకసారి. నడుము వెనుక నుంచి కాళ్ళ మధ్యగా ముందుకు వచ్చే పొడవు, నడుము నుంచి మోకాలి మీదుగా చీలమండకు పొడవు, చంక నుంచి నడుముకు పొడవు – ఈ మూడింటిలో రెండు కొలతల మధ్య తేడాయే గస్సెట్ పరిమాణాన్ని, మోకాలి డార్టును, చంక ముక్కను నిర్ణయిస్తుంది. తేడాను పూర్తిగా వదులుగా వేస్తే గుడ్డ మట్టలకు చిక్కుకొంటుంది. కొంత కత్తిరింపులో, కొంత గుడ్డ సాగే గుణంలో సర్దాలి.

పరీక్ష కూడా దర్జీ దుకాణంలోనే మొదలు కావచ్చు. కుట్టిన జతను నీటిలో తడిపి, పిండి, తొడిగి, దాని మీద హార్నెస్ బిగించాలి. చేతులెత్తితే చొక్కా పట్టీ కిందనుంచి ఊడరాదు. మోకాలు నడుము ఎత్తుకు లేస్తే ప్యాంటు నడుము కిందికి గుంజుకుపోరాదు. నేలకు ఒక అడుగు ఎత్తున తాడుకు వేలాడినప్పుడు తొడపట్టీ కింద మడత తగలరాదు. ఆ తరువాతి పరీక్షాస్థలం చెట్టే. ఒక పూట దింపు ముగిసాక చర్మం ఎర్రబడిన చోట్లను గుర్తించి, అక్కడి కుట్టును జరపడం రెండవ దశ.

జతలు రెండు ఉండాలి. ముసురుపట్టిన రోజులలో ఒక రాత్రిలో ఏ నూలూ ఆరదు. తడిబట్ట మీద బిగించిన పట్టీ మరునాడు చర్మాన్ని లేపుతుంది. ఇక మాసికలను ప్రధాన కుట్టులో కలిపి కుట్టరాదు. ముంజేతి మాసిక, మోకాలి లోపలి మాసిక ప్యాంటు కంటె చాలా ముందుగా అరిగిపోతాయి. అవి విడి కుట్టుతో పైనుంచి అతికినవైతే, అరిగిన ముక్కను విప్పి కొత్తది వేయడానికి సూదీ దారం తెలిసిన ఎవరైనా చాలు. శిలారోహకులు అరిగిన బూటు అడుగును మాత్రమే మార్చుకొని పైభాగాన్ని ఏళ్ళ తరబడి వాడుకొంటారు. దింపు కార్మికుని ప్యాంటుకూ ఆ ఏర్పాటే తగినది. ఎన్ని దింపులకు ఒకసారి మాసిక మార్చవలసి వస్తుందన్నది చెట్టు బెరడు గరుకును బట్టి, రోజుకు ఎక్కే చెట్ల సంఖ్యను బట్టి తోట తోటకూ మారుతుంది గనుక, మొదటి జతలు ఇచ్చేటప్పుడే విడి ముక్కలు నాలుగైదు అదే గుడ్డలో కత్తిరించి జేబులో పెట్టి ఇవ్వడం మేలు.